పంజరం అడుగున కాగితం

ఏడో పంజరం కింది అర లాగి, అందులోని తెల్ల కాగితాన్ని రెండు చేతులా ఎత్తి కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది జాతకాలమ్మ. కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చుకుని, పరీక్ష పేపరు దిద్దే టీచరులా చూసింది. రెట్టలో ఆకుపచ్చ ముద్ద గట్టిగా ఉంది. దాని మీద సుద్దలాంటి పూత తెల్లగా ఉంది. చుట్టూ చెమ్మ గోరంత. "నీకేం రోగం లేదు, ఉన్నదల్లా పొగరే," అని ఏడో పంజరంలోని పిట్టతో అని, కాగితం మడిచి బుట్టలో పడేసింది.

పక్షుల ఆసుపత్రిలో ఆమె పని పంజరాలు కడగడం. ఇరవై రెండేళ్లుగా అదే పని. కడగమన్నారు గానీ రెట్టలు చదవమని ఎవరూ చెప్పలేదు. అది తనంతట తనే నేర్చుకుంది. ఏ పిట్టయినా రోగం దాచుకుంటుంది, ప్రాణం మీదికొచ్చేదాకా ఠీవిగా కూర్చుంటుంది. రెట్ట మాత్రం దాచలేదు. సుద్ద పసుపెక్కిందంటే కాలేయం చెడినట్టు. ముద్ద చిన్నదై నల్లబడిందంటే గింజ ముట్టనట్టు. రెట్ట ఎర్రగా ఉందని గుండెలు బాదుకుంటూ వచ్చేవాళ్లను మాత్రం ముందు "బీట్‌రూట్ ఏమైనా పెట్టారా?" అని అడుగుతుంది. సగం మంది నాలుక కరుచుకుంటారు.

ఇక బతకదనుకుంటే రోజులు కూడా చెప్పేది. మూడు రోజులంటే మూడే. ఒక్కసారీ తప్పలేదు. ఆసుపత్రిలో అందరూ జాతకాలమ్మ అని పిలిచేది అందుకే. డాక్టరు కూడా మందు రాసేముందు ఓరకంట ఆమె మొహం చూసేవాడు. ఆమెకు లోలోపల గర్వంగానే ఉండేది. ఉండదా మరి, బడి మొహం చూడని మనిషికి డాక్టరే అంత విలువిస్తుంటే.

ఆ రోజు హుషారుగా ఉంది. పది రోజులుగా ఇంట్లో ఒక పని తగ్గింది. తను నిద్రలేచేసరికే అత్తగారు చిలుక పంజరంలో కాగితం మార్చేసి ఉంచుతోంది. ఎనభై దాటిన మనిషి, మోకాళ్లు పట్టేసిన మనిషి, గింజలు వేయడానికి తప్ప ఏనాడూ పంజరం ముట్టని మనిషి. "మా అత్తగారికి ఇన్నాళ్లకి నా మీద జాలి పుట్టింది," అని తోటివాళ్లకు నవ్వుతూ చెప్పుకుంది కూడా.

ఆ చిలుక ఆమె భర్త పెంచింది. బూడిదరంగు ఒళ్లు, ఎర్ర తోక. మాటలేవీ రావు. ఆయన సాయంత్రం గుమ్మంలో చెప్పులు విడుస్తూ ఈల వేసేవాడు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఆయన పోయి ఆరేళ్లయింది. చిలుక మాత్రం ఐదున్నరయ్యేసరికి ఆ ఈల వేస్తుంది. వినగానే అత్తగారు వంటింట్లోంచి "వచ్చావురా" అంటుంది. మతి తప్పి కాదు, తెలిసే అంటుంది. ఆ ఒక్క మాట కోసమే ఆవిడ రోజంతా గడుపుతుందని కోడలికి తెలుసు.

పదకొండింటికి ఒకాయన రెండు చిన్న పిట్టల్ని తీసుకొచ్చాడు. పంజరం తళతళలాడుతోంది. అడుగున కొత్త కాగితం. డాక్టరు దాన్ని చూసి తల పట్టుకున్నాడు.

"పొద్దున్నే కడిగేశారా?"

"మీ దగ్గరికి తెస్తున్నాం కదండీ, అసహ్యంగా ఉంటుందని."

"రోగమేంటో చెప్పేదే అదండీ. దాన్ని కడిగేస్తే ఇంక నేనేం చూడను?"

పక్కనే తొట్టి రుద్దుతున్న జాతకాలమ్మ కల్పించుకుంది. "తెలియక కడిగారు, పాపం. కొంతమంది తెలిసే కడుగుతారు, భయపడి..."

మాట అక్కడే ఆగిపోయింది. చేతిలో బ్రష్షూ ఆగిపోయింది. పది రోజులు. ఐదున్నరకు తను ఆసుపత్రిలోనే ఉంటుంది. ఆదివారం ఇంట్లో ఉన్నా ఈల వినలేదు. సరిగ్గా ఆ వేళకు అత్తగారు టీవీ గట్టిగా పెట్టింది. చిలుక కొయ్య మీద నిటారుగా కూర్చునే ఉంది. పిట్టలు అలాగే కూర్చుంటాయని లోకానికంతా చెప్పే మనిషి తనే.

సెలవడిగి ఇంటికి పరుగెత్తింది.

చిలుక కొయ్య దిగిపోయి పంజరం మూల ఈకలు ఉబ్బించుకుని కూర్చుంది. కళ్లు సగం మూసుకుంది. అత్తగారు పక్కనే పీట మీద ఉంది.

"పెందలాడే వచ్చావేం?"

"కాగితాలేవి అత్తయ్యా?"

"ఏ కాగితాలు?"

"మీరు పారేసుండరు, బుట్టలో నా కంట పడతాయని."

ఆవిడ గోడ పట్టుకుని లేచి, పరుపు కింద నుంచి పది మడతలు తీసి ఇచ్చింది. "నీ నోటి నుంచి మూడు రోజులని వినడం నా వల్ల కాదమ్మా. నువ్వంటే అయిపోతుంది," అంది.

జాతకాలమ్మ వాటిని నేల మీద వరసగా పరిచింది. మొదటి రోజు సుద్దలో పసుపు జాడ, అంతే. అప్పుడే పట్టుకుంటే మందుకు లొంగేది. నాలుగో రోజుకు సుద్ద కూడా ఆకుపచ్చకు తిరిగింది. ఏడో రోజుకు ముద్ద మెంతిగింజంత. పదో కాగితం మీద ఉత్త పచ్చనీళ్లు. కోపం ముంచుకొచ్చింది. ఆవిడ మీద కొంత, ఊరి పిట్టలన్నిటికీ గడువులు చెప్పి మురిసిపోయిన తన మీద ఎక్కువ.

డాక్టరుకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన "ఇప్పుడు కదిలించకమ్మా. వెచ్చగా ఉంచు," అన్నాడు.

మెత్తటి పాత పంచెలో చుట్టి చిలుకను అత్తగారి ఒళ్లో పెట్టింది. ఆవిడ దాని తల నిమురుతూ, పైకి చూడకుండా అడిగింది.

"మొదటి రోజే నీకు చూపిస్తే బతికేదా?"

జాతకాలమ్మ మొదటి కాగితం తీసి నాలుగు మడతలు పెట్టింది.

"లేదత్తయ్యా. అప్పటికే ముదిరిపోయింది. చూసినా ఏం చేయగలిగేదాన్ని కాదు."

ఇరవై రెండేళ్లలో ఆమె తప్పు చెప్పడం అదే మొదలు.

"నువ్వు చెప్పావంటే అంతేలే," అంది ఆవిడ. "నీ మాట ఎప్పుడు తప్పింది గనక." బిగుసుకున్న భుజాలు మెల్లగా కిందికి దిగాయి.

ఐదు కాకముందే చిలుక తల ఆవిడ మణికట్టు మీదికి వాలింది. ఇద్దరూ అలాగే కూర్చున్నారు. ఐదున్నరకు అత్తగారు గుమ్మం వైపు తిరిగింది గానీ ఏమీ అనలేదు. కోడలికి ఏడుపు అప్పుడొచ్చింది.

మర్నాడు పొద్దున్నే జాతకాలమ్మ ఖాళీ పంజరం కడిగి, తుడిచి, అలవాటు కొద్దీ అడుగున కొత్త కాగితం వేసి పనికి వెళ్లిపోయింది. సాయంత్రం వచ్చేసరికి అత్తగారు దాన్ని మార్చలేదు. నాలుగు మూలలూ బొటనవేలితో నొక్కిన ఆ తెల్ల కాగితం మీద ఒక్క మరకా లేదు.