కూతురు అని రాసిన గడి

విమలకుమారి చేతిరాత గుండ్రంగా, ముచ్చటగా ఉంటుంది. అమెరికాలో అరోరా ఊరి తెలుగు చర్చిలో ఎవరికి ఏ ఫారం వచ్చినా ఆమె దగ్గరికే తెచ్చేవారు. ఆ రాత మీద ఆమెకు గర్వం కూడా ఉండేది, లేదని అబద్ధమాడటం దేనికి?

1984 వేసవిలో సోఫీప్ ఫారం కూడా ఆమే నింపింది. సోఫీప్ కంబోడియా మనిషి. మూడేళ్ల కింద చర్చివాళ్లే పూచీపడి రప్పించారు. విమలకుమారి నర్సుగా ఉన్న ఆస్పత్రిలోనే బట్టలుతికే విభాగంలో పని. సోఫీప్ భర్తా, ముగ్గురు పిల్లలూ కంబోడియాలోనే పోయారు. మిగిలింది చంతా ఒక్కతే, చచ్చిపోయిన అక్క కూతురు. నాలుగేళ్లప్పటి నుంచీ సోఫీపే పెంచింది. థాయ్‌లాండ్ వైపు పారిపోతుంటే దారిలో ఇద్దరూ విడిపోయారు. ఆ పిల్ల సరిహద్దులో ఒక శిబిరంలో ఉందని ఇప్పుడు ఉత్తరం వచ్చింది. ఎలాగైనా రప్పించుకోవాలి.

ఏ ప్రభుత్వం కింద నివసించారని ఫారంలో ఒక గీత ఉంది. సోఫీప్ వేళ్లు మడిచింది. చంతా పుట్టినప్పుడు రాజు. ఐదేళ్లకి ఆయన్ని దింపిన సైన్యాధికారి. పదేళ్లకి నల్లబట్టలవాళ్లు, ఊళ్లకు ఊళ్లను పొలాలకు తోలినవాళ్లు. ఆ తర్వాత వియత్నాం సైన్యం నిలబెట్టిన ప్రభుత్వం. ఇప్పుడు శిబిరాన్ని ఏలే దళం. బియ్యం పంచేదీ వాళ్లే, ఆడపిల్లల చేత మందుగుండు మోయించేదీ వాళ్లే. పిల్లకి పందొమ్మిదేళ్లు, ప్రభుత్వాలు ఐదు. ఫారం తయారుచేసిన మహానుభావుడికి ఒక్క గీత చాలనిపించింది. విమలకుమారి చిన్న అక్షరాలతో ఎలాగో ఇరికించింది.

కింద గడిలో బంధుత్వం రాయాలి.

"మా అక్క కూతురు," అంది సోఫీప్ తన వచ్చీరాని ఇంగ్లీషులో.

"అక్క కూతురంటే కూతురే కదా," అంది విమలకుమారి. తన అక్క జ్ఞానమ్మ పిల్లల్ని ఆమె ఏనాడూ వేరుగా చూసింది లేదు. కూతురు అని రాసేసింది. సోఫీప్ ఆ గడి వంక చూసి కళ్లు తుడుచుకుంది.

కవరు అంటించేముందు భర్త ఆనందబాబు చూశాడు. "అక్క కూతురికి నీస్ అని రాయాలి కదా. ఇమ్మిగ్రేషన్ వాళ్లు పాత ఫైల్ చెక్ చేస్తారు."

"చెక్ చేసుకోనీండి. పెంచిన తల్లి అని వాళ్లకీ తెలుస్తుంది."

జనవరిలో సరిహద్దు శిబిరాల మీద ఫిరంగులు పేలాయి. టీవీలో పాకలు తగలబడటం అందరూ చూశారు. ఫిబ్రవరిలో జవాబొచ్చింది. ఆరాధన అయ్యాక చర్చి వంటగదిలో సోఫీప్ ఆ కాగితం చదివిపెట్టమంది. 1980లో తాను రావడానికి పెట్టుకున్న దరఖాస్తులో అక్క కూతురని చెప్పి, ఇప్పుడు కూతురని రాశారు కాబట్టి, తప్పుడు సమాచారం కింద దరఖాస్తు తిరస్కరించారట.

"తప్పు నాది," అంది విమలకుమారి. "నేనే రాశాను."

"నువ్వు నిజమే రాశావు," అంది సోఫీప్.

ఆ నిజాన్ని కొట్టేస్తే తప్ప ఫైలు మళ్లీ తెరవరు. విమలకుమారి అదే గుండ్రటి రాతతో సోఫీప్ తరఫున రాసింది: చంతా నా కూతురు కాదు. సోఫీప్ పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చుంది. చివరికి సంతకం పెట్టింది.

మే నెలలో రెండో జవాబు వచ్చింది. ఆ శిబిరం ఇప్పుడు లేదు. జనాన్ని తరలించిన కొత్తచోట ఆ పేరుగల మనిషి జాబితాలో లేదు.

ఆనందబాబు ఏదో ప్రార్థన మొదలుపెట్టబోయాడు. సోఫీప్ వద్దని చెయ్యి ఊపి, విమలకుమారి వైపు తిరిగింది. ఆమె మాటలో కోపం లేదు. ఉన్నా బాగుండేది.

"మొదటి కాగితం నకలు నీ దగ్గరుంది కదా, అది నాకిచ్చెయ్యి. రెండోది చించెయ్యి. నా కూతురు కాదని సంతకం పెట్టిన రోజుకి తను ఇంకా బతికే ఉందేమో."