బుచ్చన్న కట్టిన కట్టు

సౌదీలోని హఫర్ అల్ బాతిన్‌లో ఒక గోదాముకు పునాదులు తవ్వుతుండగా నాగేందర్‌కు ఆ పాము దొరికింది. మూరెడు పొడవుంటుందేమో. ఇసుక రంగు ఒళ్లు, మొద్దు తోక, నెత్తి మీద రెండు చిన్న కళ్లు. పారతో పాటు పైకి వచ్చి, పారిపోవడం కూడా తెలియనట్టు అక్కడే ముడుచుకుంది. పక్కనున్న బుచ్చన్న రెండడుగులు వెనక్కి వేశాడు.

"రెండు తలల పామురా ఇది. సంపకు, పగ వడతది. ఇంట్ల ఉంటే కలిసొస్తదంటరు."

బుచ్చన్న నాగేందర్‌కు మేనమామ. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి అక్క కొడుకును తన వెంట తీసుకొచ్చాడు. మామది ఇనుప సలాకలు కట్టే పని, అల్లుడిది గోడలకు గిలాబు పూసే పని. నాగేందర్ తాపీ పట్టి గోడ నున్న చేస్తుంటే ఈజిప్టు నుంచి వచ్చిన ఫోర్‌మన్ కూడా కాసేపు నిలబడి చూసేవాడు.

నాగేందర్ ఆ పామును ఇసుక నింపిన రంగు డబ్బాలో వేసి, రేకుల షెడ్డులో తన మంచం కింద పెట్టుకున్నాడు. దానికి మొద్దు అని పేరు పెట్టాడు. పాలపొడి కలిపి మూతలో పోస్తే అది తాగలేదు. ఆ పాలలో పడి దొర్లి, ఒళ్లంతా జిగటతో బయటికొచ్చింది.

"పాలు ముడతలేదంటె మన మీద అలిగినట్టేరా," అన్నాడు బుచ్చన్న దిగులుగా.

"బల్లిని ఏస్తె మింగింది మామా. అలిగినోళ్లు తింటరా?"

అదే గదిలో ఉండే పీరయ్య పడీ పడీ నవ్వాడు.

కువైట్‌లోకి ఇరాక్ సైన్యం వచ్చిన తరువాత అది. చలికాలం ముదిరేసరికి హఫర్ రోడ్ల నిండా సైనిక లారీలే. వాళ్లను పనిలో పెట్టుకున్న యజమాని, కఫీల్, పెళ్లాం పిల్లలను తీసుకుని జెద్దా వెళ్లిపోయాడు. అందరి పాస్‌పోర్టులూ అతని దగ్గరే ఉన్నాయి. ఆ దేశంలో ఉండనిచ్చే ఇకామా కార్డుల గడువు దాటిపోయింది. పని ఆగిపోయింది. క్యాంపులో మిగిలినవాళ్లు వండుకోవడం, రేడియో వినడం, ఆకాశం వైపు చూడటం తప్ప చేసేదేమీ లేదు. ఆ రోజుల్లో నాగేందర్‌కు మొద్దే తోడు. పొద్దున్నే అది అతని మణికట్టుకు చుట్టుకుని కదలకుండా ఉండేది.

"నన్ను గుర్తువడతది మామా ఇది. సూడు, వేరేటోళ్ల చేతికి చుట్టుకోదు."

బుచ్చన్న దూరం నుంచే చూసేవాడు. అతని తమ్ముడు పదహారేళ్ల వయసులో పసుపు చేనులో నాగుపాము కరిచి చనిపోయాడు. ఆ రోజు తమ్ముడి కాలికి తువ్వాల కట్టింది బుచ్చన్నే. కట్టు వదులైంది, అందుకే విషం పైకెక్కిందని ఊళ్లో అందరూ అన్నారు. ఆ మాట అతను ఎన్నడూ మరిచిపోలేదు.

యుద్ధం మొదలైన తరువాత, ఫిబ్రవరిలో ఒక పొద్దున ఊరి అంచున ఎక్కడో క్షిపణి పడింది. షెడ్డు మొత్తం అదిరింది. రేకు ఊడి మంచాల మీద పడింది. డబ్బా దొర్లి మొద్దు నేల మీదికి వచ్చింది. బయటికి పరుగెత్తబోతున్న పీరయ్య కాళ్ల దగ్గర దాన్ని చూసి పార ఎత్తాడు. "వద్దు!" అంటూ నాగేందర్ కుడి చెయ్యి అడ్డం పెట్టి పామును పట్టుకోబోయాడు. బెదిరిన పాము బొటనవేలి మొదట్లో కరిచింది. నెత్తురు చుక్కలు చుక్కలుగా పొడుచుకొచ్చింది. పార దిగింది. మొద్దు రెండు ముక్కలైంది.

నెత్తురు చూసిన బుచ్చన్నకు ఇక బయటి చప్పుళ్లేవీ వినబడలేదు. మూలనున్న బైండింగ్ వైరు చుట్ట అందుకున్నాడు. మణికట్టుకు బెత్తెడు పైన మూడు చుట్లు చుట్టి, సలాకలు బిగించే కొక్కెంతోనే మెలిపెట్టాడు.

"అబ్బా! మామా, నొస్తుంది!"

"నొయ్యనీ. ఈసారి వదులు గానియ్య."

దవాఖానా దూరమేం కాదు. కానీ దారిలో చెక్‌పోస్టు ఉంది. గడువు దాటిన ఇకామాతో పట్టుబడితే జైలేనని క్యాంపులో అందరూ అనుకునేవారు. అంతకన్నా బుచ్చన్నకు ఇంకో నమ్మకం ఉంది. మెట్‌పల్లిలో ఒక బీడీ కార్ఖానా గుమాస్తా గురవయ్య ఫోన్లోనే పాము మంత్రం వేస్తాడు. ఎందరినో బతికించాడని పేరు. అల్లుడిని పీరయ్యకు అప్పగించి, కునుకు పట్టనివ్వొద్దని చెప్పి, బుచ్చన్న టెలిఫోన్ బూతుకు పరుగెత్తాడు.

లైను దొరకలేదు. బూతు ముందు దేశదేశాల మనుషులు తమ ఇళ్లకు బతికే ఉన్నామని చెప్పుకోవడానికి నిలబడి ఉన్నారు. బుచ్చన్న అందరికీ దండాలు పెట్టి ముందుకొచ్చి నంబరు తిప్పేవాడు, కలవక మళ్లీ వెనక్కి వెళ్లి నిలబడేవాడు. పొద్దు వాలే వేళకు కలిసింది. గురవయ్య మంత్రం చెప్పాడు. అది నాగేందర్ చెవిలో ఊదమన్నాడు. మళ్లీ పొద్దు పొడిచేదాకా కట్టు విప్పొద్దన్నాడు.

అప్పటికే నాగేందర్ చెయ్యి ఉబ్బి నల్లబడుతోంది. "విషం జూడు, ఎట్ల కిందనే ఆగిందో," అన్నాడు బుచ్చన్న. అతని ముఖంలో ఏళ్ల తరబడి లేని ధైర్యం కనిపించింది. నాగేందర్ ఏడ్చాడు, విప్పమని బతిమాలాడు. బుచ్చన్న అతని తల ఒళ్లో పెట్టుకుని, తానూ ఏడుస్తూ, కట్టు మీది నుంచి చెయ్యి తియ్యకుండా కూర్చున్నాడు. తెల్లవారాక వైరు విప్పితే వేళ్లు కదల్లేదు. గిచ్చినా తెలియలేదు. అప్పుడు పీరయ్యే వెళ్లి ఒక లారీని ఆపాడు. చెక్‌పోస్టులో సైనికుడు ఆ చేతిని చూసి, ఇకామా అడగకుండానే పొమ్మన్నాడు.

దవాఖానాలో ఉమాదేవి అనే డాక్టరు ఉంది. గుంటూరామె. చెయ్యి చూసిన వెంటనే ఆపరేషన్‌కు సిద్ధం చేయించింది. మోచేతి కింద నుంచి చెయ్యి తీసేశారు.

నాగేందర్‌కు బాగా తెలివి వచ్చాక ఆమె మంచం పక్కన కూర్చుంది. పీరయ్య ఒక డబ్బాలో చచ్చిన పామును కూడా తెచ్చి ఇచ్చిపోయాడు. వార్డులో పనిచేసే ముసలి అబ్దుల్ వహాబ్ దాన్ని చూశాడు.

"దస్సాస్," అన్నాడు తల అడ్డంగా ఊపుతూ. "సమ్ మాఫీ. మా పల్లెలో పిల్లలు దీంతో ఆడుకుంటారు."

అరబ్బీ అంత బాగా రాకపోయినా సమ్ అంటే విషమనీ, మాఫీ అంటే లేదనీ నాగేందర్‌కు తెలుసు. డాక్టరు ముఖంలోకి చూశాడు.

"నిజమేనండీ," అంది ఆమె మెల్లగా. "అది విషం లేని పాము. సబ్బుతో కడుక్కుంటే సరిపోయేది. చెయ్యి పోయింది కాటు వల్ల కాదు. నెత్తురు ఆడకుండా అంతసేపు కట్టి ఉంచడం వల్ల. ఎవరు కట్టారు అలాగ?"

అద్దం తలుపు అవతల బుచ్చన్న నేల మీద కూర్చుని ఉన్నాడు. ఎవరు కనబడినా లేచి చేతులు జోడిస్తున్నాడు.

"నేనే కట్టుకున్న మేడం," అన్నాడు నాగేందర్.

"కుడి చేతికి, వైరుతో, మీరే?"

నాగేందర్ చూపు తలుపు వైపు పోయింది. ఆమె కూడా తలుపు వైపు చూసింది.

"ఆయనకు జెప్పకుండ్రి మేడం. మీ కాళ్లు మొక్కుత."

"నేను చెప్పను. కానీ ఆయన రేపు ఇంకొకరికి కడతాడు. అది ఆలోచించుకోండి."

యుద్ధం అయిపోయాక కఫీల్ తిరిగొచ్చాడు. మనిషి చెడ్డవాడు కాదు. నాగేందర్‌ను పంపించెయ్యకుండా వంటగదిలోనూ సామాను కాపలాకూ ఉంచుకున్నాడు. గోడలు నున్న చేసిన మనిషి ఎడమచేత్తో ఉల్లిగడ్డలు తరగడం నేర్చుకున్నాడు. పీరయ్య ప్రతి పొద్దున అతని చొక్కా గుండీలు పెట్టేవాడు. పాము సంగతి మాత్రం ఇద్దరి మధ్యా ఎప్పుడూ రాలేదు.

ఊరికి వేరే కథ చేరింది. పాము కరిస్తే బుచ్చన్న చెయ్యి కట్టి ప్రాణం నిలబెట్టాడని. "నీ మామ దేవుడురా బిడ్డా," అంది తల్లి పోచవ్వ ఫోన్లో. "చెయ్యి వోతె వాయె, నిన్ను నాకు దక్కిచ్చిండు." నాగేందర్ సరేనన్నాడు. క్యాంపులోనూ అంతే. కొత్తగా వచ్చినవాళ్లు బుచ్చన్నను ఎలా కట్టాలో అడిగేవారు. అతను చూపించేవాడు. ఇప్పుడు తమ్ముడి మాట కూడా తానే ఎత్తేవాడు. తిండి సరిగ్గా తింటున్నాడు, నిద్రపోతున్నాడు. అది చూసి నాగేందర్ నోరు విప్పలేకపోయేవాడు. కొక్కెంతో మెలిపెట్టడం ఎలాగో మామ చూపిస్తుంటే మాత్రం లేచి బయటికి వెళ్లిపోయేవాడు.

రెండేళ్ల తరువాత కఫీల్ వాళ్లను హాయిల్‌కు పంపాడు. అక్కడ గోధుమ పొలాల్లో మోటారు గదులు కట్టాలి. ఎండాకాలం. ఇటుకల దొంతర తీస్తుండగా పీరయ్య కెవ్వుమన్నాడు. కళ్ల మీద కొమ్ముల్లాంటివి ఉన్న పాము ఒకటి ఇటుకల సందులోకి జారిపోయింది. పీరయ్య పాదం చూస్తుండగానే ఉబ్బడం మొదలైంది.

"బుచ్చన్నను పిలువుండ్రి!" అని అరిచారు ఎవరో.

బుచ్చన్న అప్పటికే వస్తున్నాడు. చేతిలో వైరు, కొక్కెం. నాగేందర్ వంటగదిలోంచి పరుగెత్తుకొచ్చి మధ్యలో నిలబడ్డాడు.

"కట్టకు మామా."

"జరుగురా. పైకెక్కుతది."

"కట్టకు అంటున్న!"

"నిన్ను బతికిచ్చింది గీ కట్టే గదరా!"

నాగేందర్ మొండి చెయ్యి పైకెత్తాడు. "గా పాముకు విషమే లేదు మామా. నా చెయ్యి పాము తినలే. కట్టే తిన్నది. డాక్టరమ్మ జెప్పింది నాకు."

ఎవరూ కదల్లేదు. నేల మీద మూలుగుతున్న పీరయ్య కూడా తలెత్తి చూశాడు. నాగేందరే తేరుకుని పాకిస్తానీ డ్రైవర్‌ను కేకేశాడు. "భాయ్, గాడీ లావ్, జల్దీ!" పీరయ్యను పికప్‌లో పడుకోబెట్టి, కాలు కదలనివ్వకుండా పట్టుకుని హాయిల్ దవాఖానాకు తీసుకెళ్లాడు. మందు ఎక్కించారు. చాలా రోజులు మంచం మీదే ఉన్నాడు, నడక కుంటుపడింది, కానీ పీరయ్య బతికాడు. కాలు దక్కింది.

పీరయ్యను చేర్పించి నాగేందర్ తిరిగొచ్చేసరికి బుచ్చన్న ఇటుకల పక్కనే ఎండలో కూర్చుని ఉన్నాడు.

"ఎప్పట్సంది ఎరుక నీకు?" అని అడిగాడు.

"దవఖాన్లనే."

"అంటె, గప్పట్సంది ఎరుకుండి నాతోని బువ్వ తిన్నవా?"

"నువ్వు కావాలని చేసినవా మామా? నా మీది పావురంతోని, ప్రేమతోని చేసినవు."

"పావురం," అన్నాడు బుచ్చన్న. తన రెండు చేతులూ తిప్పి చూసుకున్నాడు. "ఇప్పుమని మొత్తుకున్నవు. నేను ఇనలే. నా తమ్ముడే ఏడుస్తుండనుకున్న."

నాగేందర్ పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేయబోతే బుచ్చన్న లేచి వెళ్లిపోయాడు.

మరునాటి నుంచి అతను సలాకలు కట్టలేకపోయాడు. వైరునూ కొక్కేన్నీ సామాను గదిలో పడేశాడు. మట్టి మోసే పని అడిగాడు. అదీ సాగలేదు. అల్లుడు వడ్డిస్తే తినకుండా, అందరూ తిన్నాక వచ్చి మిగిలింది పెట్టుకునేవాడు. నెల తిరక్కుండానే దేశం వదిలి ఇంటికి పోవడానికి కఫీల్‌ను ఎగ్జిట్ కాగితం అడిగాడు.

హాయిల్ బస్టాండుకు నాగేందర్ సాగనంపడానికి వెళ్లాడు. బస్సు ఎక్కేముందు బుచ్చన్న ఒక్క మాటే అన్నాడు. "అక్కకు నేనే చెప్పుకుంట. నువ్వు చెప్పకు."

"మామా, ఎందుకు? అమ్మకు తెల్వక్కరలేదు."

బుచ్చన్న అతని ముఖం వైపు చూడకుండానే బస్సెక్కాడు. నాగేందర్‌కు కనబడకుండా అవతలి కిటికీ పక్కన కూర్చున్నాడు.

కొన్నాళ్లకు నాగేందర్ ఇంటికి ఫోన్ చేశాడు. పోచవ్వ గొంతు వినగానే ఏడుస్తోందని అతనికి అర్థమైంది.

"మామ వచ్చిండు బిడ్డా. గడప అవుతల నిలవడి అంత జెప్పిండు. నాకు కోపమొచ్చింది. ఎందుకు రాదు? ఏమేమో అన్న. గని నా తమ్ముడు గదా. కొంచెం సేపటికి లోపటికి రా తమ్మీ, నీళ్లు తాగు అన్న. రాలే."

"ఇప్పుడు ఏడ ఉన్నడమ్మా?"

"పసుపు చేన్ల గుడిసె ఏసుకున్నడు. ఊర్లెకు వస్తలేడు. నేను బువ్వ పట్టుకపోతె గెట్టు మీద పెట్టి పొమ్మంటడు. నువ్వన్న చెప్పురా. నీ మాటైతె ఇంటడు."

"ఫోను కాడికి తోలుకరా అమ్మా. నేను మళ్ల చేస్త."

అన్నట్టే నాగేందర్ మరుసటి శుక్రవారం చేశాడు. ఆపై శుక్రవారం కూడా చేశాడు. ప్రతిసారీ పోచవ్వ ఒక్కతే వచ్చింది.