సీసం దారం నీళ్ళలో ఉండగా

సీసం దారం నీళ్ళలో ఉన్నంతసేపు బోటు ఆపకూడదు. మా ఆల్గోమా రేవులో ఎవర్నడిగినా ముందు ఇదే చెప్తారు. అది మామూలు గాలపు దారం కాదు. పైన నేసిన తొడుగు, లోపల పొడవునా సన్నటి సీసపు తీగ. బోటు నడుస్తుంటే ఆ బరువుకి యాభై అడుగుల లోతుకి దిగి, ఏటవాలుగా మన వెనకే వస్తుంది. ఆపావా, చచ్చావే. దారాలన్నీ తిన్నగా అడుక్కి దిగిపోయి, ఒకదాన్నొకటి పెనవేసుకుని, డౌన్‌రిగ్గర్ల ఉక్కు తీగలకి, అంటే వేరే గాలాల్ని లోతుకి దించే బరువు గుండ్ల తీగలకి, చుట్టుకుంటాయి. మెలిక పడ్డ ప్రతిచోటా లోపలి సీసం పుటుక్కుమంటుంది. ఆ తర్వాత ఆ దారాన్ని వేలితో తడిమితే చాలు, గుడ్డివాడికైనా తెలిసిపోతుంది. చుట్టంతా విప్పి పారెయ్యడమే.

మిచిగన్ సరస్సు మీద నేను ముప్ఫై నాలుగేళ్ళుగా బోటు నడుపుతున్నాను. సాల్మన్ పడదామని నగరాల నుంచి కొత్త బూట్లేసుకుని దిగే పెద్దమనుషుల్ని ఎక్కించుకోవడం, వాళ్ళు వాంతులు చేసుకుంటే నీళ్ళు కొట్టడం, వాళ్ళ చేప నేను పట్టి వాళ్ళ చేతికిచ్చి ఫోటో తీయడం, ఇదీ నా ఉద్యోగం. "ఇన్నేళ్ళలో సీసం దారం నీళ్ళలో ఉండగా ఒక్కసారి కూడా బోటు ఆపలేదు." రెండేళ్ళ క్రితం వరకు ఈ మాట పదిమందిలో గొప్పగా చెప్పుకునేవాణ్ణి.

నార్బ్ డెల్‌ఫాస్ నా బావ. నా చెల్లెలు వెర్నాకి మొగుడు. నేను చక్రం దగ్గర, అతను వెనక అంచు దగ్గర, పంతొమ్మిది వేసవులు అలాగే గడిచాయి. గుండ్లు దించడం, దారాలు వదలడం, పడ్డ చేపని వలలోకి తీయడం అతని పని. నోరు మూసుకుని చేసేవాడా అంటే, అబ్బే.

సీసం దారానికి పది గజాలకొక రంగు ఉంటుంది. ఎంత దారం వదిలామో రంగుల్ని బట్టే లెక్క. అందరూ ఒకటీ రెండూ మూడూ అని లెక్కపెట్టుకుంటే, మావాడు రంగురంగుకీ పేరు పెట్టాడు. పసుపు మా అమ్మ పళ్ళు. ఎరుపు నా ముక్కు. నీలం వెర్నా అలక. ఆకుపచ్చ ఫాదరుగారి కారు. నారింజ బడి బస్సు. ఐదూ అయిపోతే మళ్ళీ మొదలు.

"అత్తగారి పళ్ళు పోయాయ్!" అని అరిచేవాడు రీలు తిరుగుతుంటే. "బావ ముక్కు మునిగింది! ఓరి నాయనో, ఎంత పొడుగు ముక్కో, ఇంకా మునుగుతూనే ఉంది!"

ఎక్కినవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వేవారు. నాకు ఒళ్ళు మండేది. "నోర్మూసుకుని పని చూడవయ్యా" అనేవాణ్ణి. ఇప్పుడు ఆ అరుపు ఒక్కసారి వినడానికి ఏమైనా ఇస్తానని అనాలనుంది. కానీ అది అబద్ధం. ఎందుకంటే వింటూనే ఉన్నాను.

ఆ రోజు సంగతి ఉన్నదున్నట్టు చెప్తాను. ఆగస్టు నెల, పొద్దున పది. ఆదివారం చేపల పోటీ ఉందని, ముందుగా చేపలు ఎక్కడున్నాయో చూసి వద్దామని మేమిద్దరమే వెళ్ళాం. ఆ పక్క రెండు, ఈ పక్క రెండు, నాలుగు సీసం దారాలు. వెనకాల రెండు గుండ్లు తొంభై అడుగుల లోతున. ఎడమ గుండు మీద పెద్ద చేప పడింది. నార్బ్ గాలపు కర్ర అందుకోవడానికి వంగాడు. ఈశాన్యపు అల ఒకటి బోటుని పక్క నుంచి కొట్టింది.

"బావా!"

అంతే విన్నాను. తిరిగి చూస్తే ముప్ఫై అడుగుల వెనక ఒక తల, పైకెత్తిన ఒక చెయ్యి. తేలే చొక్కా, అదే లైఫ్ జాకెట్, నా పక్కన కొక్కేనికే వేలాడుతోంది. అవి వేసుకునేవాళ్ళని చూసి మేమిద్దరం నవ్వేవాళ్ళం.

నా చెయ్యి లివరు మీదే ఉంది. వెనక్కి లాగితే బోటు ఆగుతుంది. లాగలేదు. దారాలు పాడవుతాయని అనుకున్నానా? లేదు, దేవుడి మీద ఒట్టు, ఏమీ అనుకోలేదు. అంతా చెయ్యే చేసింది. సీసం దారాలున్నప్పుడు ఎలా తిప్పాలో అలాగే, చక్రాన్ని మెల్లగా, మెత్తగా తిప్పి పెద్ద చుట్టు తిరిగి వచ్చాను. ఒక్క దారం కూడా ఇంకోదానికి తగల్లేదు. వచ్చేసరికి టోపీ తేలుతోంది. మనిషి లేడు.

రేడియోలో కేకలేశాను. టోపీ తీసుకున్నాను. వెతకాలంటే దారాలు అడ్డమని నాలుగూ చుట్టేశాను, శుభ్రంగా. గస్తీ బోట్లు వచ్చాయి, రెండ్రోజులు వెతికాయి. నార్బ్ ఇప్పటికీ దొరకలేదు.

గస్తీ వాళ్ళడిగితే వెంటనే ఆపానని చెప్పాను. ఫాదరు అడిగితే అదే చెప్పాను. వెర్నా ఒక్కసారే అడిగింది, వాళ్ళ వంటింట్లో నిలబడి. "వెంటనే ఆపావా అన్నయ్యా?"

"అక్కడికక్కడే ఆపేశానమ్మా."

అప్పుడది నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఆ చేతినే పట్టుకుంది, లివరు మీదున్న చేతినే. నా పెళ్ళాం ఎప్పుడో వదిలేసి అరిజోనా వెళ్ళిపోయింది. పిల్లల్లేరు. ప్రతి ఆదివారం చర్చిలో పూజ అయ్యాక వెర్నా వడ్డించే బూయా అనే కోడి పులుసు గిన్నె, "ఇంకొంచెం వేసుకో, చిక్కిపోయావు" అనే మాట, ఈ లోకంలో నాకున్నవి ఇవే. నిజం తెలిస్తే అవీ ఉండవు. నా భయమల్లా అదొక్కటే. పోయినవాడంటే కూడా నాకంత భయం లేదు.

లేదని ఎలా అంటాను? ఆ తర్వాత సీసం దారం ముట్టలేదు. గుండ్లతోనే నెట్టుకొచ్చాను. "ఏం ముసలోడా, పది రంగులు లెక్కపెట్టడం మర్చిపోయావా?" అని పక్క బోటు మెల్విన్ ఎగతాళి చేస్తే, నీ పని నువ్వు చూసుకోమన్నాను. కానీ ఉక్కు తీగ నీళ్ళని కోస్తూ ఊఁ అని మూలుగుతుంది చూడండి, ఆ మూలుగులోంచి వచ్చేది మాట. అత్తగారి పళ్ళు. బావ ముక్కు. వెనక్కి తిరిగితే అంచు దగ్గర ఎవరూ ఉండరు. కిందటేడు ఒకసారి రెండు వందల అడుగుల నీళ్ళలో, సగం లోతులో, గుండు దేనికో తట్టుకుంది. బరువుగా, మెత్తగా. పైకి తీయడానికి నాకు ధైర్యం చాలలేదు. కట్టరు తీసి తీగ తెంపేశాను. ఎక్కినవాళ్ళు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు.

ఈ ఆగస్టులో వెర్నా రేవుకి వచ్చింది. ఒక చేతిలో నార్బ్ రీలు, ఇంకో చేతిలో అతని టోపీ. రెండూ నేనే తెచ్చి ఇచ్చినవి.

"రేపు పదింటికి నన్ను తీసుకెళ్ళు," అంది. "ఆయన పోయిన చోటుకి. నాలుగు దారాలూ, రెండు గుండ్లూ. ఆరోజు ఎలా కట్టారో అలాగే కట్టాలి."

"ఎందుకమ్మా ఇప్పుడవన్నీ?"

"ఎందుకో తీసుకెళ్తే తెలుస్తుంది. తీసుకెళ్తావా, మెల్విన్‌ని అడగనా?"

మా వెర్నా అలకకి నార్బ్ రంగే పెట్టాడు. ఇక సరేనన్నాను.

మర్నాడు ఆకాశం తేటగా ఉంది. గాలి మాత్రం ఈశాన్యమే. ఎనిమిది మైళ్ళు వెళ్ళాం. చోటు రాగానే వెర్నా లేచి వెనక అంచు దగ్గరికి వెళ్ళింది. తేలే చొక్కా వేసుకుంది, బొత్తాలన్నీ పెట్టుకుంది. రీళ్ళ పని దానికి కొత్త కాదు. ప్రతి చలికాలం నార్బ్ రీళ్ళన్నీ వంటింటి బల్ల మీద అదే చుట్టేది. దారం కొస పట్టుకుని గోళ్ళతో సీసాన్ని తుంచి, జానెడు తీగ బయటికి లాగేసి, ఆ ఖాళీ తొడుగులోకి గాలం కట్టిన కొత్త దారం దూర్చి ముడేసింది. ఈ రేవులో అంత చిన్న ముడి వేసే మగాడు లేడు.

మూడు దారాలు వదిలింది, రెండు గుండ్లు దించింది. చివరికి నార్బ్ రీలు పట్టుకుంది. దారం వెళ్తుంటే బొటనవేలు దాని మీదే ఆనించి ఉంచింది.

"అమ్మ పళ్ళు పోయాయ్," అంది. నవ్వు లేదు, అరుపు లేదు. "అన్నయ్య ముక్కు మునిగింది."

"అవన్నీ అనకు వెర్నా."

"నా అలక పోయింది." దారం సాగుతోంది, రంగు తర్వాత రంగు. ఫాదరు కారు. బడి బస్సు. మళ్ళీ పళ్ళు. ఉక్కు తీగలు మూలుగుతున్నాయి. దాని గొంతు కింద ఇంకో గొంతు కూడా లెక్కపెడుతున్నట్టే ఉంది నాకు. ఒక చేత్తో లివరు, ఇంకో చేత్తో చక్రం గట్టిగా పట్టుకుని ముందుకే చూశాను.

"పది రంగులూ పోయాయ్," అంది వెర్నా చివరికి. "ఒక్క మెలిక కూడా తగల్లేదు అన్నయ్యా."

"మంచి దారం అది," అన్నాను.

"అవును. మంచి దారమే."

ఇప్పుడైనా చెప్పెయ్, చెప్పెయ్యరా వెధవా అని నన్ను నేను తిట్టుకున్నాను. గొంతు దాకా వచ్చింది. మింగేశాను. వెనక ఏదో టప్పున నీళ్ళలో పడింది.

"బావా!"

అలా అరిచింది వెర్నానో కాదో నాకు ఇప్పటికీ తెలీదు. అది నన్నెప్పుడూ బావా అనదు కదా. గిరుక్కున తిరిగాను. ముప్ఫై అడుగుల వెనక, అది తెచ్చిన నార్బ్ టోపీ. వెర్నా అంచు దగ్గర నిలబడి ఉంది. టోపీని చూడటం లేదు, నా చెయ్యి చూస్తోంది.

నేనూ నా చెయ్యి చూశాను. లివరు మీంచి లేచి అది చక్రం మీదకి వచ్చేసింది. చక్రాన్ని తిప్పుతోంది. మెల్లగా. మెత్తగా.

తిప్పుతున్నానని తెలిసి కూడా ఆపలేకపోయాను. ఎవరు నమ్ముతారు ఈ మాట? బోటు పెద్ద చుట్టు తిరిగింది. నాలుగు దారాలూ బుద్ధిగా, విడివిడిగా వెనకే వచ్చాయి. చోటుకి వచ్చేసరికి నీళ్ళ మీద టోపీ లేదు.

వెర్నా చేతి గడియారం చూసుకుంది. "నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు," అంది. "నార్బ్‌కి ఈత వచ్చు. మూడు నిమిషాలైనా తేలి ఉండేవాడు కదా అన్నయ్యా?"

"చెల్లీ..."

"పోయిన చలికాలం ఆ రీలు బల్ల మీద పెట్టి దారమంతా విప్పా. ఊరికే, ఆయన ముట్టుకున్నది కదా అని. మూడు వందల అడుగులూ వేళ్ళతో తడిమా. నున్నగా ఉంది, కొన్న రోజున ఉన్నట్టు. బోటు ఆగితే అలా ఉంటుందా? ఉండదని నాకు తెలుసు, నీకు తెలుసు. గస్తీ వాళ్ళకి తెలీదు. ఫాదరుకి తెలీదు." దాని గొంతు అక్కడ పగిలింది. "ప్రతి ఆదివారం నీకు వడ్డిస్తూ చూశా. ఈ వారం చెప్తాడు, వచ్చే వారం చెప్తాడు అని. తిన్నావు, మూతి తుడుచుకున్నావు, వెళ్ళావు. దారం కోసమా అన్నయ్యా? మా ఆయన్ని దారం కోసం వదిలేశావా?"

దారం కోసం కాదని చెప్పాలి. అలవాటని చెప్పాలి, నా చెయ్యని చెప్పాలి. ఏం చెప్పినా దారం కోసమే అవుతుంది. లివరు పట్టుకుని వెనక్కి లాగాను. మోటారు గొంతు పడిపోయింది. బోటు ఆగింది. ముప్ఫై నాలుగేళ్ళలో మొదటిసారి.

కాసేపు ఏమీ కాలేదు. తర్వాత కర్రలు నాలుగూ ఒక్కొక్కటే నిటారుగా నిలబడ్డాయి. దారాలు కిందికి దిగుతున్నాయి. ఉక్కు తీగల మూలుగు ఆగిపోయింది. నార్బ్ రీలు మాత్రం టిక్కు టిక్కుమని దానంతటదే తిరుగుతూ, రంగుల వెనకున్న మామూలు దారాన్ని కూడా వదులుతోంది, కింద నుంచి ఎవరో లాక్కుంటున్నట్టు. లెక్కపెట్టే గొంతు కోసం చెవులు రిక్కించాను. ఏమీ వినపడలేదు. రెండేళ్ళలో ఎప్పుడూ లేనంత నిశ్శబ్దంగా ఉంది సరస్సు. నేను చక్రం మీద తల పెట్టి ఏడ్చాను. వెర్నా నా దగ్గరికి రాలేదు.

ఆ చిక్కంతా పైకి తీయడానికి రెండు గంటలు పట్టింది. రెండు దారాలు కోసేశాను, ఒక గుండు పోయింది. నార్బ్ రీలు మాత్రం వెర్నా నన్ను ముట్టుకోనివ్వలేదు. అడుగు మట్టీ, గవ్వ పెంకులూ అంటుకుని, మెలికలు మెలికలుగా వస్తున్న దారాన్ని ఓపిగ్గా విడదీసి, పది రంగులూ తనే చుట్టుకుంది. చేతులు రెండుచోట్ల తెగాయి. గుడ్డ ఇవ్వబోతే తీసుకోలేదు.

రేవులో దిగాక వెనకే కారు దాకా వెళ్ళాను. ఆదివారం రావద్దని అంటుందేమోనని నిలబడ్డాను. రావద్దని అన్నా బాగుండేది. అది రీలు చేతిలో పెట్టుకుని, బొటనవేలితో దారాన్ని ఒకసారి తడిమింది. విరిగిన సీసం ఒక్కొక్క చోటా దాని వేలికి తగులుతుండటం నాకు కనిపిస్తూనే ఉంది.

"ఇప్పుడు సరిపోయింది అన్నయ్యా," అంది. "ఆపేశానని నువ్వు చెప్పినట్టే ఉంది."

కారెక్కి, రీలు పక్క సీట్లో పెట్టుకుని వెళ్ళిపోయింది.