చుట్టం వెళ్ళిపోయాక

విదేశం నుంచి ఒక సెమిస్టర్ చదువుకోవడానికి వచ్చిన అమ్మాయికి హాస్టల్లో మొదటిరోజే ‘చుట్టం’ అని పేరు పడిపోయింది. ఆమె గదిలో ఉండే అమ్మాయి ‘పంతులమ్మ’. ఎవరు పలికినా తప్పులు దిద్దనిదే ఊరుకోదని ఆ పేరు. రెండు యూనివర్సిటీల ఒప్పందం ప్రకారం ఈసారి చుట్టం ఇక్కడికి వచ్చింది, వచ్చే సెమిస్టర్‌కి పంతులమ్మ అక్కడికి వెళ్ళాలి.

ఒకరి భాష ఒకరు నేర్చుకోవాలని ఇద్దరూ పట్టుబట్టారు. చుట్టానికి తెలుగు ఇట్టే పట్టుబడింది గానీ మర్యాదలే ఒంటబట్టలేదు. ఒకరోజు మెస్‌లో వార్డెన్ మేడమ్‌ని పట్టుకుని, “నువ్వు తిన్నావా తల్లీ?” అనేసింది. మెస్సంతా గొల్లున నవ్వింది. వార్డెన్ మాత్రం, “లేదే నా తల్లీ, జరుగు” అంటూ ఆమె పక్కనే కూర్చుని తింది.

పంతులమ్మకు ఆ భాష నేర్పింది చుట్టం వాళ్ళమ్మ, ఫోన్లో. ఆవిడ ఒక కుట్టు దుకాణంలో పనిచేసేది. “ఇక్కడ చలి ఎక్కువమ్మాయ్. నీ భుజాల కొలత చెప్పు, కోటు కుట్టి ఉంచుతా. కిటికీ పక్క మంచం నీదే” అనేది. పంతులమ్మ చిన్నప్పుడే తల్లిని పోగొట్టుకుని మేనత్త చేతిలో పెరిగింది. ఆ గొంతు కోసం క్లాసు అవగానే గదికి పరుగెత్తుకొచ్చేది.

ఆ మధ్యాహ్నం ఇద్దరూ లైబ్రరీ మెట్ల మీద కూర్చుని ఉండగా చుట్టం వాళ్ళ అన్న ఫోన్ చేశాడు. వాళ్ళ ఊళ్ళో భూకంపం. ఫోన్ వింటూ వింటూ చుట్టం రాయిలా బిగుసుకుపోయింది. ఏదో ఒకటి అనాలని పంతులమ్మ నోరు తెరిచింది. ఆ భాషలో ఆమెకు దారి అడగడం వచ్చు, బేరమాడటం వచ్చు, ఆకలేస్తోందని చెప్పడం వచ్చు. ఇలాంటప్పుడు అనవలసిన మాట ఒక్కటీ రాదు.

చివరికి చుట్టమే తెలుగులో అంది: “అమ్మ ఇంట్లో ఉంది. ఇల్లు లేదు.”

పంతులమ్మ ఆమెను గట్టిగా వాటేసుకుంది. మర్నాడే చుట్టం విమానమెక్కింది.

కొన్నాళ్ళకు విదేశీ చదువుల ఆఫీసరు పంతులమ్మను పిలిపించారు. “ఆ యూనివర్సిటీ ఇప్పట్లో తెరవరమ్మా. వేరే దేశంలో సీటు ఇప్పిస్తాను.”

“నాకొద్దు సార్.”

“ఇంటికొచ్చిన లక్ష్మిని కాలదన్నుకుంటావా?”

మేనత్త మాత్రం బలవంతం చేయలేదు. “ఆ పిల్లనే అడగవే. అది వెళ్ళొద్దంటే మానెయ్” అంది.

పంతులమ్మ ఫోన్ చేసింది. “వెళ్ళు. ఇద్దరిలో ఒకరైనా చదవాలి కదా” అంది చుట్టం.

“మరి నువ్వు?”

“నాన్నకి దెబ్బలు తగిలాయి, మంచం మీంచి లేవలేడు. అమ్మ పనిచేసిన దుకాణంలోనే పనికి కుదిరాను. నాకు ఇంకా సరిగ్గా కుట్టడం రాదు, రోజూ తిట్లే.”

పంతులమ్మ వెళ్ళింది. మొదటిరోజు పరిచయాల్లో, మా దేశాన్నే ఎందుకు ఎంచుకున్నారని అక్కడివాళ్ళు అడిగారు. ఒక్కొక్కరూ ఒక్కో కారణం చెప్పారు. ఆమె మాత్రం తల దించుకుని, “సీటు వచ్చింది” అంది. చదువు బాగానే సాగింది, స్నేహితులూ కుదిరారు. గదిలో రెండో మంచం మీద మాత్రం ఎవరినీ కూర్చోనిచ్చేది కాదు, పుస్తకాలు పేర్చి ఉంచేది.

చుట్టంతో మాటలు రానురాను తగ్గిపోయాయి. ఒకసారి చుట్టం తెలుగులో మాట్లాడుతూ మధ్యలో ఆగిపోయి, “మాట దొరకట్లేదే. ఇక్కడ నాతో తెలుగు మాట్లాడేవాళ్ళెవరు?” అంది.

“నేనున్నాగా. ఆదివారం చేస్తా” అంది పంతులమ్మ.

ఆదివారం చేసింది. ఎవరూ ఎత్తలేదు. ఆపై ఆదివారమూ అంతే. తర్వాత అసలు ఆ నంబరే వాడుకలో లేదని వినిపించింది. దుకాణం పేరేమిటో ఆమె ఏనాడూ అడగలేదు.