యోయోలో వణుకు

చిరాగ్‌పల్లి దగ్గర, హైవే పక్కనున్న బస్వరాజ్ లేత్ షెడ్డులో ఆ ఆదివారం ఉదయం మిషన్లన్నీ ఆగి ఉన్నాయి. రాఘవయ్య జేబులోంచి చిన్న గుడ్డ మూట తీసి, విప్పి, కూతురి అరచేతిలో పెట్టాడు. అల్యూమినియం యోయో. రెండు రోజులు ఇదే షెడ్డులో నిలబడి తన చేత్తో తీసిన ముక్క.

"వెయ్యమ్మా" అన్నాడు.

కీర్తన వెంటనే వెయ్యలేదు. తెనాలి నుంచి వచ్చి జహీరాబాద్‌లో ఒక ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లు లేత్ మీద టర్నర్‌గా చేసిన మనిషి ఆయన. కళ్లు మసకబారాయని కిందటేడు ఆయన్ని లేత్ మీద నుంచి తీసి స్టోర్‌లో కూర్చోబెట్టారు. కంటి ఆపరేషన్ అయ్యాక కూడా లేత్ మళ్లీ ఇవ్వలేదు. ఉద్యోగం వదిలేసి వచ్చి బస్వరాజ్‌ని పని అడిగాడు. బస్వరాజ్ కాదనలేదు, ఔననీ అనలేదు. "ఒక్క పీస్ చేసి సూపియ్యన్నా. మంచిగొస్తే లేత్ నీదే" అన్నాడు.

యోయో చెయ్యమన్నది కీర్తనే. పాలిటెక్నిక్‌లో చేరినప్పటి నుంచి ఆమెకు యోయో పిచ్చి. "నిమిషానికి వేలసార్లు తిరుగుతుంది నాన్నా. వెంట్రుకవాసి తేడా ఉన్నా వేలికి తెలిసిపోతుంది" అని తనే చెప్పింది. ఆ మాట ఎందుకన్నానా అని ఇప్పుడు అనుకుంటోంది.

తాడు ఉచ్చు మధ్యవేలికి తొడుక్కుని విసిరింది. యోయో మోకాలి దాకా దిగి, అక్కడే ఆగి తిరగసాగింది. ఆమె చెయ్యి మెల్లగా పైకి లాగింది. రాలేదు. మళ్లీ లాగింది. అయినా రాలేదు.

"ఏందమ్మా, పైకొస్త లేదు?" అన్నాడు బస్వరాజ్. రాఘవయ్య మొహం పాలిపోయింది.

"లాగితే రాకూడదంకుల్. ఇది బేరింగ్ మీద తిరిగే రకం. మనం పిలిస్తేనే వస్తుంది." తాడును చూపుడువేలితో మడిచి ఆ మడతను యోయో సందులోకి పోనిచ్చింది. తాడు బిగుసుకుంది. యోయో టప్పున ఎగిరి అరచేతిలో పడింది.

"అరె, కమాల్ చేసినవన్నా! ఇంక ఫికర్ లేదు. రేపు పొద్దుగాల వచ్చెయ్" అని బస్వరాజ్ చప్పట్లు కొట్టాడు.

రాఘవయ్య నవ్వలేదు. కూతురి వేలికేసే చూస్తున్నాడు.

"వణుకుందా?"

ఉంది. యోయో తిరుగుతున్నంతసేపూ తాడులో ఈగ ఇరుక్కున్నట్టు జుమ్మని వేలికి తగులుతూనే ఉంది. లేదని చెప్పేస్తే సరిపోతుంది. బస్వరాజ్‌కి తెలియదు. కానీ రేపు ఏ రైతు మోటారుకో షాఫ్టు తీసి ఇస్తే, అది వణికితే, అప్పుడు అందరికీ తెలుస్తుంది.

"ఉంది నాన్నా" అంది.

బస్వరాజ్ చప్పట్లు ఆగిపోయాయి. రాఘవయ్య యోయో విప్పి, ఒక సగాన్ని లేత్‌కి బిగించి, కొలత చూసే డయల్ గేజ్ దగ్గరికి పెట్టాడు. ముక్కు ఆనేంతగా వంగి చూశాడు. వెనక్కి జరిగి చూశాడు. మళ్లీ వంగాడు.

"గీతలు కనబడట్లేదు" అన్నాడు చివరికి. "మొన్న కూడా కనబడలేదు. చేత్తో తడిమి సరిపెట్టేశాను."

ఆపరేషన్ తర్వాత అంతా బాగానే ఉందనే ఇంట్లో అందరికీ చెబుతూ వచ్చాడు. ఇంటికి పొమ్మంటాడేమోనని కీర్తన బస్వరాజ్‌వైపు చూసింది.

బస్వరాజ్ గడ్డం గోక్కున్నాడు. "గీతలు కనబడకుంటే పెద్ద అంకెలు కనబడ్తయా?" అంటూ బీరువా తెరిచి డిజిటల్ గేజ్ ఒకటి తెచ్చాడు. "నాకు పాతదే అలవాటు. గిది పక్కకు పెట్టిన."

అమర్చి, రాఘవయ్య చదివాడు. "సున్నా పాయింట్ సున్నా తొమ్మిది మిల్లీమీటర్లు. ఇంత తప్పా!" చెవులు ఎర్రబడ్డాయి. లేత్ ఆన్ చేశాడు. అంచు మీంచి వెంట్రుకంత సన్నటి తీగలు చుట్టలు చుట్టుకుంటూ రాలాయి. రెండో సగానికీ అలాగే. అంకె సున్నా పాయింట్ సున్నా ఒకటికి దిగేసరికి ముప్పావుగంట పట్టింది.

ఈసారి కీర్తన మొదటిసారి కన్నా బలంగా విసిరింది. యోయో వేగం సగానికి తగ్గేదాకా ఆగింది. తాడుకు అసలేమీ వేలాడనట్టే ఉంది.

"లేదు."

"నాకోసం చెప్పకమ్మా."

"నిజంగా లేదు నాన్నా."

బస్వరాజ్ తాడును రెండు వేళ్లతో తాకి చూశాడు. "రేపు ఎనిమిదింటికి రా అన్నా. గాని ఒక్క మాట. కనబడకుంటే కనబడ్త లేదని చెప్పాలె. దాస్తే నడ్వది."

"చెబుతాను" అన్నాడు రాఘవయ్య. పని రేపటి నుంచే అయినా, చీపురందుకుని లేత్ కిందున్న పొట్టు ఊడ్వసాగాడు.

కీర్తన బయటకొచ్చి రోడ్డు పక్కన నిలబడింది. జహీరాబాద్ వెళ్లే బస్సులు రెండు వచ్చాయి. తండ్రి ఊడ్చి వచ్చేదాకా ఆగుదామని రెంటినీ పోనిచ్చింది.