వెనక నడిచే మనిషి

"వెర్లా, ఆ ఓట్స్ ఇంకాస్త చిన్న పొట్లాలు కట్టు. బరువైతే మోసేదెవరు?" అన్నాడు థేన్, మ్యాపు మీంచి తలెత్తకుండా.

మోసేదెవరో వెర్లాకు తెలుసు. వంటింటి బల్లంతా మ్యాపు పరచుకుని మొగుడు థేన్, మరిది డెల్విన్‌ కలిసి, తాము వెళ్లబోయే లోయలో మొదటి రాత్రి మకాం ఎక్కడ, ఊట నీళ్లు పట్టుకునేదెక్కడ అని వేళ్లతో గీతలు గీస్తున్నారు. దానికి ప్లానింగ్ అని పేరు. ఎండు మాంసం కోయడం, నీళ్లు వడగట్టే గొట్టం కడగడం, ఎగువన వాన పడి వరద ముంచుకొస్తుందేమోనని రేంజర్లకు పూటపూటా ఫోన్ చేయడం వెర్లా పనులు. వాటికి పేరేమీ లేదు. ఇవాళెందుకో ఆమెకు కాలు నిలవడం లేదు. కట్టిన పొట్లమే విప్పుతోంది, తలుపు దాకా వెళ్లి ఊరికే తిరిగొస్తోంది.

యూటా ఎడారిలోని ఆ లోయకు ఒక కట్టడి ఉంది. ఇసుకలో ఏదీ పాతిపెట్టకూడదు. మనిషి మలమైనా సరే, సంచుల్లో మూటగట్టి బయటికి తెచ్చుకోవాల్సిందే. మొదటిసారి వెళ్లినప్పుడు వాటిని ఎవరు మోయాలన్న మాట వచ్చింది. "వెర్లాకి అలవాటేలే, ముగ్గురు పిల్లల్ని కడిగిన చెయ్యి" అన్నాడు థేన్. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ తన మీద తనకే ఒళ్లు మండుతుంది. అప్పట్నుంచి ఏటా అందరివీ ఆమె వీపు మీదే. ఒకరి వెనక ఒకరు తప్ప నడవలేని ఇరుకుదారి. "వదినా, నువ్వు కాస్త వెనకుండవూ, గాలి ఇటే కొడుతోంది" అని డెల్విన్ పరాచికం. వెనకే ఉండేది. ఎర్రగోడల మలుపు తిరగ్గానే ఎదురుగా వెలుగు ఎలా విచ్చుకుంటుందో ఆమె ఏనాడూ చూడలేదు. చూసిందల్లా వాళ్ల వీపులే.

"ఈసారి నేను ముందు నడుస్తాను" అంది.

"అమ్మో, వదినకు పెత్తనం కావాలట!" అన్నాడు డెల్విన్.

థేన్ మాత్రం నిజంగానే కంగారుపడ్డాడు. "నువ్వు ముందుంటే ఆ కంపంతా మా మొహాన కొట్టదూ?"

ముందు నడిచే మనిషి వీపు మీద ఆ సంచులు ఉండకపోవచ్చన్న ఊహే అతనికి రాలేదు. నిజానికి ఆ క్షణం దాకా ఆమెకూ రాలేదు.

వెర్లా తన బ్యాగులోంచి ఖాళీ సంచులు తీసి, మ్యాపు మీద అతని ముందు కొన్ని, మరిది ముందు కొన్ని పెట్టింది.

"కొట్టదు. ఎవరి కంపు వారి వీపు మీదే ఉంటుంది."