మందులు మాన్పించిన పెళ్లిచూపులు

“గోలీలు యాడ పెట్టినవయ్యా?”

అరుణ అడగడం ఇది మూడోసారి. మొగుడు మల్లయ్య అద్దంలోకి చూస్తూ గడ్డం గీసుకుంటున్నాడు. వినపడనట్టు నటించడం కూడా అతనికి చేతకాదు. చివరికి బ్లేడు పక్కన పెట్టి, “అన్న తీస్కపోయిండు,” అన్నాడు.

“ఎందుకు?”

“గవి ఏసుకుంటే పిల్లగాని కండ్లు మత్తుమత్తుగుంటయట. పిల్లదిక్కు చుట్టాలు తాగుబోతనుకుంటరట. పెండ్లిచూపులు అయ్యేదాంక ఆపుమన్నడు. మొన్నటి సంది ఆపిన.”

పొద్దుటి షిఫ్టుకు అరుణ బిస్కెట్ల కంపెనీకి పోతే, కొడుకు చేత గోలీ మింగించే పని మల్లయ్యది. పిల్లవాడు రెండు రాత్రులుగా కన్ను మూయకుండా గోడకు ఆనుకుని ఎందుకు కూర్చున్నాడో ఆమెకు ఇప్పుడు తెలిసింది.

“నీకు బుద్ధున్నదా? స్నేహలత మేడం ఎన్నిసార్లు చెప్పింది, మనంతట మనం ఆపొద్దని?”

“అన్న చెప్పినంక కాదంటనా?”

అదే ఆ ఇంటి శాపం. అన్న చెప్పాక ఆ ఇంట్లో గాలి కూడా ఎదురు తిరగదు.

కొడుకు శ్రావణ్‌కుమార్‌కు ఇరవై రెండేళ్లు. ఐటీఐ చదివి బొల్లారంలో ఒక మందుల కంపెనీలో కాంట్రాక్టు కింద చేరాడు. పన్నెండు వేల జీతం, కంపెనీ బస్సు, ఒక నీలం చొక్కా. ఎండాకాలంలో ఒకనాడు రసాయనాలు ఉడికే రియాక్టరు లోంచి ఈల వేసినట్టు ఆవిరి తన్నుకొచ్చింది. ఆ వెనకే మంట. పక్కన నిలబడ్డ ఒడిశా కుర్రాడు కాలిపోవడం శ్రావణ్ కళ్లారా చూశాడు. కంపెనీ నేల కడిగించింది, గోడకు సున్నం కొట్టించింది, మళ్లీ పని మొదలుపెట్టింది. చూసినవాడి కళ్లు ఎవరు కడగాలి? అది తమ పని కాదన్నాడు కాంట్రాక్టరు. చేతులు వణుకుతున్నాయని శ్రావణ్‌ను ఇంటికి పంపి, అదే చోట ఇంకొకరి కొడుకును నిలబెట్టాడు. లోకానికి మందులు పోసే కంపెనీ కథ అది.

తర్వాత ఊరు తన వైద్యం తాను చేసింది. ఒకరు దిష్టి అన్నారు, ఒకరు గాలి సోకిందన్నారు. కట్టని తాయెత్తు లేదు. ఇస్మాయిల్‌ఖాన్‌పేట దుర్గమ్మకు ముడుపు కూడా కట్టారు. దారి దొరికింది మాత్రం మహిళా సంఘం గదిలో. ప్రతి గురువారం అక్కడ ఇలాంటి పిల్లలూ వాళ్ల తల్లిదండ్రులూ కూడతారు. సంగారెడ్డి నుంచి మనసు జబ్బుల కౌన్సిలర్ స్నేహలత స్కూటీ మీద వచ్చి వాళ్ల మధ్య చాప మీద కూర్చుంటుంది. “గది పిచ్చి గాదు అక్కా. మనసుకు దెబ్బ తగిలింది. కాలిరిగితే కట్టు కడ్తం గదా,” అని ఆమే దగ్గరుండి పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. గోలీలు మొదలయ్యాక శ్రావణ్ కడుపునిండా తిన్నాడు, పడుకున్నాడు. వాడు గుర్రుపెట్టిన రాత్రి అరుణ పక్కన కూర్చుని ఏడ్చింది.

ఆ గదిలోకి వెళ్లేవాళ్లను ఊరు చూడకుండా ఉంటుందా? మల్లయ్య అన్న చంద్రకాంత్‌కు తల కొట్టేసినట్టయింది. “మనింటి మనిషి పోయి పిచ్చోళ్ల మీటింగుల కూసుంటే, రేపు నా బిడ్డెలను ఎవడు చేసుకుంటడు?” అన్నాడు. పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు, పెళ్లయితే గాని పిచ్చి కుదరదు అని సామెత. అందరూ విని నవ్వుకుంటారు. చంద్రకాంత్ నవ్వలేదు, దాన్ని డాక్టరు చీటీలా పట్టుకుని కంది ఊళ్లో సంబంధం చూశాడు. నిజం చెప్పాలంటే అరుణ కూడా మొదట తలూపింది. ఇంకో మనిషి తోడుంటే వాడు తొందరగా కోలుకుంటాడని ఆశపడింది. తల్లి ఆశకు కళ్లుండవు.

బయట పెళ్లిచూపులకు పోవడానికి చంద్రకాంత్ తెచ్చిన కారు హారన్ మోగింది. మల్లయ్య వెళ్లి గోలీల సంగతి నసిగాడు. “వచ్చినంక ఇస్త తియ్. ఒక్కపూటకు పానం పోతదా? జల్దీ ఎక్కుండ్రి,” అన్నాడు చంద్రకాంత్.

కందిలో పిల్ల మేనమామ ఐలన్న వాకిట్లో ఎదురొచ్చాడు. తల్లీతండ్రీ లేని నిషితను పెంచింది అతనే. ఆ పిల్ల పక్కనున్న పెద్ద కాలేజీ క్యాంపస్ మెస్సులో కూరగాయలు తరిగే పనికి పోతుంది. మగవాళ్లు లోపల కుర్చీల్లో సర్దుకుంటుండగా అరుణ ఐలన్నను వాకిట్లోనే ఆపింది. ఇక దాచడం ఆమె వల్ల కాలేదు.

“అన్నా, మా పిలగానికి మనసు బాగలేదు. గోలీలు ఏసుకుంటుండు. తెల్వకుండ చేసుకుంటే మీ పిల్లకు అన్యాలమైతది.”

ఐలన్న ఉలిక్కిపడలేదు. గొంతు తగ్గించి, “ఎరికే చెల్లె. మీ బావ చెప్పిండు,” అన్నాడు. “ఒక్కడే కొడుకు. మీకు రోడ్డు పక్క భూమున్నది. పెండ్లయితే గవన్ని సక్కగైతయి తియ్.”

“పిల్లకు చెప్పినవా అన్నా?”

“పిల్లకు చెప్పేడిదేముంటది?”

ఇటు వాళ్లకు తెలుసు, అటు వాళ్లకూ తెలుసు. తెలియనిది జీవితాంతం మోయాల్సిన పిల్ల ఒక్కదానికే. అమ్మే గేదె ఎన్ని లీటర్లు పాలిస్తుందో, పొడుస్తుందో లేదో చెప్పకుండా సంతలో ఎవరూ తాడు చేతికియ్యరు. ఆడపిల్ల దగ్గరికి వచ్చేసరికి ఆ మర్యాద కూడా లేకపోయింది.

లోపల శ్రావణ్ ఇస్త్రీ చొక్కాలో బిగుసుకుని కూర్చున్నాడు. మోకాలు ఆగకుండా ఊగుతోంది. చంద్రకాంత్ దాని మీద చెయ్యి వేసి నొక్కి పట్టుకుని, వానల గురించి, భూమి ధరల గురించి మాట్లాడుతున్నాడు. అంతలో వంటింట్లో కుక్కరు గట్టిగా ఈల వేసింది. శ్రావణ్ కుర్చీలోంచి జారి గోడ మూలకు పోయి, రెండు చేతులతో తల కప్పుకుని ముడుచుకుపోయాడు.

“పిలగాడు జెర సిగ్గువడుతుండు,” అన్నాడు చంద్రకాంత్. ఐలన్న నవ్వాడు. అతని పక్కనున్న చుట్టాలూ నవ్వారు. ఏం చెయ్యాలో తెలియక మల్లయ్య కూడా నవ్వాడు. కాలిపోయిన మనిషిని చూసిన భయానికి వాళ్లు పెట్టిన పేరు సిగ్గు. అరుణ వాడి పక్కకు పోయి కూర్చుంది. కొడుకు వీపు మీద చెయ్యి వేసి నిమిరి, వాడి ఊపిరి కొంచెం కుదుటపడ్డాక లేచి నేరుగా వంటింట్లోకి పోయింది.

నిషిత అప్పటికే పొయ్యి ఆర్పేసింది. చాయ కప్పులు పళ్లెంలో పేర్చి ఉన్నాయి. అరుణ తలుపు దగ్గరగా వేసి, కంపెనీ సంగతి, మంట సంగతి, గోలీలు, వాటిని ఆపిన సంగతి, ఏదీ దాచకుండా చెప్పింది. చెబుతున్నంతసేపూ నిషిత గట్టు మీద చెయ్యి ఆనించి వింది. ఆ పిల్ల అరుస్తుందనో, ఏడుస్తుందనో అరుణ అనుకుంది.

“గట్లున్న మనిషిని ఎందుకు తోల్కొచ్చిండ్రు అత్తమ్మా?” అంది నిషిత నెమ్మదిగా. “ఆయనకు పెండ్లి కావాల్నని ఉన్నదా? అడిగిండ్రా?”

ఐలన్నను నిలదీసింది అరుణే, పిల్లకు చెప్పావా అని. తన కడుపున పుట్టినవాణ్ణి తాను అడిగిందా? స్నేహలతను అడిగింది, మొగుణ్ణి అడిగింది, దుర్గమ్మను అడిగింది. వాణ్ణి అడగలేదు. ఇంతసేపూ ఇతరుల మీద ఎగసిన కోపం గిర్రున తిరిగి ఆమె మీదే పడింది.

ఆమె బయటికొచ్చి, అందరి మధ్య నుంచి నడిచి, మూలలో కొడుకు ముందు నేల మీద కూర్చుంది.

“బిడ్డా, నీకు ఈ పెండ్లి కావాల్నా?”

“ఏందే గది? పిలగాని అడుగుడేంది నడుమ?” అన్నాడు చంద్రకాంత్.

అరుణ అటు తిరగలేదు. “నువ్వే చెప్పు నాయినా. ఎవ్వలేమనరు.”

శ్రావణ్ ఆమె మొహంలోకి చూశాడు. కళ్ల కింద నల్లగా ఉంది. పెదాలు ఎండిపోయాయి. “వద్దే అమ్మా,” అన్నాడు. “నాకు నిద్ర కావాలె.”

అరుణ వాడి చెయ్యి పట్టుకుని లేపింది. చంద్రకాంత్ గబగబా పోయి వీధి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. “కూసో. పదిమందిల నా పరువు తీస్తవా?” అన్నాడు. మల్లయ్య అన్న వైపు, పెళ్లాం వైపు మార్చి మార్చి చూశాడు. కాపురానికి వచ్చిన నాటి నుంచి అరుణ బావ ముఖం చూసి ఒక్క మాట మాట్లాడి ఎరగదు. ఏం కావాలన్నా మొగుడితో చెప్పించేది.

“జరుగు బావా,” అంది.

అతను జరగలేదు. ఆమె కూర్చోలేదు. నిషిత చాయ పళ్లెం వంటింట్లోనే వదిలి, ఒట్టి చేతులతో వచ్చి, అరుణ వెనక నిలబడింది.